ఒక్క ఎస్సు, ఒక్క బిందె

మార్చి నెలలో, ఖమ్మంలో, నా సొంత ఇంట్లో, నేను కొన్న ఫ్యాన్ వేసుకునే హక్కు నాకు లేదు.

మా ఊరి ఎండ తెలియనివాళ్ళకు ఒక్క మాట. ఇక్కడ మిర్చి యార్డులో కాయ ఎండడానికీ బయట మనిషి ఎండడానికీ పెద్ద తేడా ఉండదు. కాయకు కనీసం సాయంత్రమైతే పరదా కప్పుతారు. అలాంటి ఊళ్ళో ఐదున్నరకు షాపు నుంచి ఇంటికొచ్చి, చొక్కా పైగుండీ విప్పుకుని, స్విచ్ మీద ఇలా వేలు పెట్టానో లేదో, హాల్లోంచి పదిహేను గొంతులు ఒక్కసారే లేచేవి.

"ఫ్యాన్ వద్దూ!"

పోయినేడు జనవరి చివర మొదలై, శ్రీరామనవమి దాకా ఇదే వరస. హాలు నిండా ఆడవాళ్ళు. ఒక్కొక్కరి ఒళ్ళో ఒక పళ్ళెం, పళ్ళెం నిండా వడ్లు. భద్రాచలం రాములవారి కల్యాణానికి తలంబ్రాల బియ్యం గోటితో ఒలుస్తారు కదా, ఆ పని. రోకలి తగలకూడదు, మిల్లు తగలకూడదు, గింజ విరగకూడదు. రెండు గోళ్ళ మధ్య ఒక్కో వడ్ల గింజ పెట్టి నొక్కి, బియ్యం ఒక గిన్నెలో, ఊక ఇంకో గిన్నెలో వెయ్యాలి. ఫ్యాన్ వేస్తే ఊక లేస్తుంది. వెయ్యకపోయినా లేస్తుందనుకోండి. లేచి నా టీలో పడుతుంది, పక్కలో పడుతుంది, రిమోట్ బటన్ల సందుల్లో దూరుతుంది. ఆ మూడు నెలలు మా టీవీలో వార్తల ఛానల్ తప్ప ఇంకోటి రాలేదు. దేవుడి కార్యం కాబట్టి ఎవరితో చెప్పుకోను?

మా కాలనీలో ఏడాదికి ఒక ఇంటికి వంతు వస్తుంది. వంతొచ్చిన ఇంటి హాలు ఆ మూడు నెలలూ కాలనీ సొత్తు. చివర్న బియ్యానికి పసుపు కలిపి ఇత్తడి బిందెలో పోస్తారు. ఆ ఇంటి ముత్తయిదువ బిందెను నెత్తిన పెట్టుకుని వీధి చివర బస్సు దాకా నడుస్తుంది. అక్కణ్ణుంచి అందరూ భద్రాచలం. ఇదీ రూలు. రూలు పెట్టిందెవరో ఎవరికీ తెలియదు. కాపాడేది మాత్రం కాలనీ సంక్షేమ సంఘం అధ్యక్షులు, రిటైర్డ్ డిప్యూటీ తహసీల్దారు చెంచురామయ్య గారు. ఆయన రిటైరై ఏడేళ్ళయింది. ఇప్పటికీ పాల ప్యాకెట్ల చీటీ మీద కూడా ఆకుపచ్చ సిరాతోనే సంతకం పెడతారు.

కూర్చోవడానికీ ఒక వరస ఉండేది. ముత్తయిదువలంతా తిరగని ఫ్యాన్ కింద. భర్త పోయినవాళ్ళు ఐదుగురు వంటింటి గుమ్మం దగ్గర. అక్కడ కూర్చోమని వాళ్ళకెవరూ చెప్పలేదు. చెప్పే అవసరం రాకుండా వాళ్ళే వెళ్ళి కూర్చున్నారు. వాళ్ళు వడ్లు ఒలవచ్చు, బిందె మాత్రం ముట్టకూడదు. ఆ ఐదుగురిలో మా అమ్మ పున్నమ్మ ఒకరు, చెంచురామయ్య గారి చెల్లెలు మంగమ్మ ఒకరు. మంగమ్మ అన్నగారింటికి వచ్చి పదకొండేళ్ళయింది. ఆ పదకొండేళ్ళలో ఆమె గొంతు నేను విన్నది మహా అయితే నాలుగుసార్లు. నాలుగుసార్లూ "అన్నయ్య ఇంట్లో లేడండి" అనే.

ఇక మా ఆవిడ పద్మప్రియ. ఏన్కూరు దాటి, అడవి అంచు పల్లెలో అంగన్‌వాడీ టీచర్. పద్దెనిమిదేళ్ళుగా పొద్దున బస్సెక్కడం, మధ్యాహ్నం బస్సు దిగడం. ఆ ఏడు సూపర్‌వైజర్ పోస్టులకు పరీక్ష పెట్టారు. వయసు ప్రకారం ఆమెకు అదే ఆఖరిసారి. పోషకాహారం, పిల్లల బరువులు, గర్భిణుల లెక్కలు అన్నీ ఆమెకు కొట్టినపిండి. ఒక్క ఇంగ్లీషు దగ్గర ఆగింది. పిల్లలకు ఏ ఫర్ ఆపిల్ చెబుతుంది గానీ, ఆ ఆపిల్ ఏం చేస్తుందో వాక్యంలో చెప్పమంటే చెమటలు పడతాయి.

నేను సాయం చెయ్యలేదా అని మీరడుగుతారు. నాది కోచింగ్ కాలేజీల ఎదురుగా జిరాక్స్ షాపు. ఇరవై రెండేళ్ళలో నా మిషన్ గుండా ఎన్ని వేల ఇంగ్లీషు గ్రామర్ నోట్సులు పోయాయో చెప్పలేను. దాన్లోనూ నాలోనూ ఒక్కటీ నిలవలేదు. మిషన్‌కూ నాకూ అదొక్కటే పోలిక. తేడా ఏంటంటే, అది వేడెక్కితే ఆగుతుంది.

సాయానికి వచ్చింది పక్కింటి లిదియా టీచర్. కాన్వెంటులో పన్నెండేళ్ళుగా ఇంగ్లీషు చెబుతోంది.

"రోజుకు ఒక గంట చాలు పద్మక్కా. సాయంత్రం ఐదింటికి వస్త."

"ఐదింటికి వడ్లు టీచర్. ఈ ఏడు వంతు మా ఇంటిది. లేచిపోతే బాగుండదు."

"మరి వడ్ల కాడనే కూసుందాం."

అలా, పదిహేను మంది ఆడవాళ్ళు, రెండు కుంచాల వడ్లు, చెప్పుల స్టాండు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ఒక ఇంగ్లీషు టీచర్. మా హాల్లో పాఠం మొదలైంది.

"సబ్జెక్టు ఒక్కరైతే వర్బుకు ఎస్ పెట్టాలె" అంది లిదియా. "ద గర్ల్ సింగ్స్. ఎక్కువమంది అయితే వర్బుకు ఎస్ ఉండదు. ద గర్ల్స్ సింగ్."

"జర ఆగు టీచరమ్మా" అంది గుమ్మం దగ్గర్నుంచి మా అమ్మ. ఆమెను ఎవరూ అడగలేదు. "ఒక్క పిల్లయితే పాటకు ఎస్సు. పదిమంది పిల్లలైతే పిల్లలకు ఎస్సు, పాటకు లేదు. గంతేనా?"

"గంతే పెద్దమ్మా."

"అంటే ఇంట్ల ఒక్కటే దుప్పటి. ఒకరు కప్పుకుంటే ఇంకొకరికి లేదు."

లిదియా పెన్ను మూసి అమ్మ వంక చూసింది. "పన్నెండేండ్ల నుంచి చెప్తున్న పెద్దమ్మా. ఈ ముక్క తట్టలే నాకు."

ఆ రోజు నుంచి ఒక్క గింజకు ఒక్క వాక్యం అనే పద్ధతి పెట్టారు. గింజ ఒలిచి గిన్నెలో వేస్తూ ఒక వాక్యం అనాలి. తప్పయితే ఇంకో గింజ. మొదటి వంతు మా ఆవిడది. సరిగ్గా అప్పుడే నేను లోపలికొచ్చి దీవాన్ మీద కూర్చున్నాను. ఆమె నా వంక చూసింది. ఉదాహరణ దొరికినట్టుంది.

"మై హస్బెండ్ సిట్స్."

"వెరీ గుడ్" అంది లిదియా.

"మై హస్బెండ్ ఈట్స్. మై హస్బెండ్ స్లీప్స్. మై హస్బెండ్ ఆస్క్స్ టీ."

"ఆస్క్స్ ఫర్ టీ. అయినా ఎస్ కరెక్టే."

హాలంతా నవ్వు. నేను కూడా నవ్వాను. మన గురించి నాలుగు వాక్యాలు చెబితే నాలుగింట్లో ఒక్క అబద్ధం కూడా దొరక్కపోవడం ఎంతమంది భర్తలకు దక్కుతుంది? టీ మాత్రం రాలేదు.

అందరూ ఒక్కొక్కటి చెప్పారు. మంగమ్మ దగ్గరికి వచ్చేసరికి ఆగింది.

"నాకెందుకమ్మా" అందామె పళ్ళెంలోకి చూస్తూ.

"గింజ ఒలిస్తే వాక్యం చెప్పాలె" అంది మా అమ్మ. "ఊకె ఒలుస్తనంటే ఎట్ల?"

మంగమ్మ తన గురించి చెప్పడానికి ఏముందా అని వెతుక్కున్నట్టుంది. చివరికి మెల్లగా అంది.

"మంగమ్మ సిట్స్."

"సూపర్" అంది లిదియా. మంగమ్మ తల దించుకుని, ఇంకో గింజ తీసుకుని, తనలో తాను మళ్ళీ అనుకుంది. "మంగమ్మ సిట్స్."

నాలుగో రోజుకు లిదియా చేతులు ఊరికే ఉండలేకపోయాయి.

"నేను ముట్టొచ్చా పెద్దమ్మా?"

"చేతులు కడుక్కున్నవా?"

"కడుక్కున్న."

"మరి ఇంకేంది, పట్టు."

ఇదంతా ఎంత గుట్టుగా ఉండాలో అంత గుట్టుగానే ఉంది, అంటే మర్నాటికి కాలనీ అంతా తెలిసింది. ఆ సాయంత్రమే చెంచురామయ్య గారు వచ్చారు. హాలు మధ్యలో నిలబడి, లిదియా ఒళ్ళోని పళ్ళెం చూసి, చూడనట్టు ముఖం తిప్పుకుని, గొంతు సవరించుకున్నారు.

"ఏమిటిది పిన్నిగారూ? రామనామం వినపడాల్సిన చోట ఇంగ్లీషు వినపడుతోందని కంప్లైంటు వచ్చింది."

"రాముని ముచ్చటే నడుస్తున్నది" అంది అమ్మ. "చెప్పవే పద్మా."

మా ఆవిడ తడబడకుండా మొదలుపెట్టింది. "రామా గోస్ టు ఫారెస్ట్. సీతా గోస్ టు ఫారెస్ట్. రామా అండ్ సీతా గో టు ఫారెస్ట్."

"చూసినవా చెంచురామయ్యా, ఒక్కొక్కరు పోతే ఎస్సు ఉన్నది. ఇద్దరు కలిసి పోయేటాల్లకు ఎస్సు దిగిపోయింది. అడవికి పోయేటప్పుడు బరువు తగ్గించుకోవాలె గద మరి."

"అది కాదు పిన్నిగారూ. శ్రీరామచంద్రమూర్తిని ఏకవచనంలో అలా... గౌరవం ఉండొద్దూ?"

"నువ్వు గుడికి పోయి 'రామా, నన్ను కాపాడు' అంటవా, 'కాపాడండి' అంటవా?"

ఆయన ఆలోచనలో పడ్డారు. నేనూ పడ్డాను. నిజమే, మనం దేవుణ్ణి నువ్వు అంటాం, ఎమ్మార్వోను మీరు అంటాం.

"నిన్ను మాత్రం కాలనీ అంత గారు అంటనే ఉన్నది" అంది అమ్మ. "దేవునికన్న నీకే ఒక మెట్టు ఎక్కువ ఇస్తున్నం. ఇంకేం గావాలె? కూసో, చాయ్ తాగు."

ఆయన కూర్చోలేదు. ఇంటికి వెళ్ళి, కాలనీ వాట్సాప్ గ్రూపులో మూడు నిమిషాల నలభై సెకన్ల వాయిస్ మెసేజ్ పెట్టారు. అందులో సంప్రదాయం అన్న మాట పధ్నాలుగుసార్లు వచ్చిందని లెక్కపెట్టినవాళ్ళు చెప్పారు. కింద అందరూ దణ్ణం బొమ్మలు పెట్టారు. పెట్టి, సాయంత్రం ఐదింటికి మా ఇంటికొచ్చి కూర్చున్నారు.

ఫిబ్రవరి అంతా అలాగే గడిచింది. గిన్నెలు నిండుతున్నాయి. మా ఆవిడ వేళ్ళ చివర్లు పగిలి, పడుకునే ముందు కొబ్బరినూనె రాసుకునేది. నూనె చేతుల్తోనే నోట్సు తిప్పేది. ఆ నోట్సు ఇప్పటికీ ట్రేసింగ్ పేపర్‌లా ఉంటుంది. ఒక్క చిక్కు మాత్రం ఆమెను వదల్లేదు. "మై మదర్ ఇన్ లా ఆర్ కమింగ్" అనేది. లిదియా ఎన్నిసార్లు దిద్దినా అంతే.

"ఎదురుంగ అత్తమ్మ కూసుంటే ఒక్కరన్నట్టు ఎట్ల అంట టీచర్? నోరు రాదు."

"అనవే" అంది మా అమ్మ. "నేను ఒక్కదాన్నే గదా. నన్ను పదిమందిని చేసి నీ మార్కులు పోగొట్టుకోకు."

ఇలాంటి అత్తాకోడళ్ళు ఉంటారా అని మీకు అనుమానం రావచ్చు. ఉంటారు. ఉప్పు దగ్గరా, తాళంచెవుల దగ్గరా మామూలుగానే కొట్టుకునేవాళ్ళు. ఎస్సు దగ్గర మాత్రం ఒక్కటయ్యారు.

పరీక్ష ఒకసారి వాయిదా పడింది. మన దగ్గర వాయిదా పడకపోతే అది పరీక్షే కాదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. మార్చి మూడో వారంలో కొత్త హాల్ టికెట్లు వచ్చాయి. నా షాపులోనే, నా మిషన్ మీదే ప్రింటు తీశాను. కాగితం వెచ్చగా బయటకు వచ్చింది. తేదీ చూశాను. నవమికి పది రోజుల ముందు ఆదివారం. పొద్దున తొమ్మిదింటికి గేటు మూస్తారు. సెంటర్ ఊరికి ఆ చివర, వైరా రోడ్డులో.

అదే ఆదివారం, తొమ్మిది గంటల పన్నెండు నిమిషాలకు, మా ఇంటి నుంచి బిందె లేవాలని చెంచురామయ్య గారు ముహూర్తం పెట్టించి పదిహేను రోజులయింది.

వెళ్ళి అడిగాను. ఆయన హాల్ టికెట్ తీసుకుని, అద్దాలు పెట్టుకుని, ముందూ వెనకా తిప్పి చూశారు. వెనక ఏమీ లేదు.

"బస్సు మాట్లాడేశాం వెంకటనారాయణ గారూ. ముహూర్తం మార్చడానికి నేనెవర్ని?"

"వేరేవాళ్ళు ఎవరైనా ఎత్తుకుంటే?"

"ఎత్తుకోవచ్చు. మా ఆవిడ ఉంది. కాకపోతే వంతు తప్పిన ఇంట్లో ఒలిచిన బియ్యం బిందెలో పొయ్యకూడదు. వేరే బియ్యం చూసుకుంటాం."

మూడు నెలలుగా కాలనీ మొత్తం ఒలిచింది మా ఇంట్లోనే. ఆ విషయం ఆయనకూ తెలుసు. ఆయన గొంతులో కోపం లేదు. ఫైలు వెనక్కి పంపేటప్పుడు ఆఫీసర్లకు ఉండే ప్రశాంతత ఉంది.

ఇంటికొచ్చి చెప్పాను. మా ఆవిడ వంటింట్లో చారు పోపు పెడుతోంది. విన్నది. మంట తగ్గించింది.

"పదిహేనుమంది మూడు నెలలు ఒలిచిండ్రు. మంగమ్మ గోరు ఊడి వచ్చింది తెలుసా? నా ఒక్కదాని పరీక్ష కోసం గా బియ్యమంత పారబోస్తమా?" అని, హాల్ టికెట్ నాలుగు మడతలు పెట్టి పోపుల డబ్బాలో, జీలకర్ర గిన్నె కింద పెట్టేసింది. "నేను పోను. బిందె మోస్త."

నేను అన్నాను, "నీ ఇష్టం."

మా మగవాళ్ళ మాటల్లో దీన్ని మించింది లేదు. వినడానికి స్వేచ్ఛ ఇచ్చినట్టు ఉంటుంది. చూడ్డానికి చేతులు కడుక్కున్నట్టు ఉంటుంది. ఆమె నా వంక ఒక్క క్షణం చూసి, చారు గిన్నె మీద మూత పెట్టింది.

హాల్లోంచి అమ్మ అడిగింది. "ఒరే నారాయణా, బిందె ఎంత బరువుంటది?"

"బియ్యం ఏడు కిలోలు. బిందె ఇంకో మూడు. ఎందుకే?"

"ఊకెనే."

మర్నాటి నుంచి అమ్మ పొద్దున్నే డాబా మీదికి వెళ్ళడం మొదలుపెట్టింది. నెత్తిన నీళ్ళ బిందె. ఏమిటే అంటే తులసికి నీళ్ళు అంది. మా డాబా మీద తులసి కోట ఒక్కటే ఉంది. ఆమె పదకొండు చుట్లు తిరిగేది. వయసైపోయింది, దారి మర్చిపోతోంది కాబోలు అనుకుని డాక్టర్ దగ్గర నంబరు కూడా రాయించాను.

ఆదివారం వచ్చింది. ఎనిమిదింటికే హాలు నిండింది. మా ఆవిడ పట్టుచీర కట్టుకుని, తలలో పూలు పెట్టుకుని, ముఖం మాత్రం ఇంట్లో ఎక్కడో మర్చిపోయినట్టు నిలబడి ఉంది. బిందె పసుపు బియ్యంతో మధ్యలో ఉంది. చెంచురామయ్య గారు వీధి చివర బస్సు దగ్గర నిలబడి, ఎవరు ఎక్కడ కూర్చోవాలో లిస్టు చదువుతున్నారు.

ఎనిమిదీ పదికి అమ్మ గదిలోంచి బయటికి వచ్చింది. ఉతికిన తెల్లచీర, చేతిలో పోపుల డబ్బా.

"టీచరమ్మా, ఆటో వచ్చిందా?"

"గేటు ముందే ఉంది పెద్దమ్మా" అంది లిదియా. ఆదివారం ఆరాధనకు వెళ్ళాల్సిన మనిషి, పర్సు పట్టుకుని సిద్ధంగా నిలబడింది.

అమ్మ డబ్బా తెరిచి, కాగితం తీసి, ఆవాలు దులిపి మా ఆవిడ చేతిలో పెట్టింది.

"తీస్కపో. చీర మార్చుకునే టైం లేదు. గట్లనే పో."

"అత్తమ్మా, బిందె..."

"బిందె సంగతి నాది. నువ్వు నీ ఎస్సులు చూస్కో. జల్దీ!"

మా ఆవిడ నా వంక చూసింది. ఈసారి "నీ ఇష్టం" అనలేదు నేను. వెళ్ళి గేటు తెరిచాను. ఆటో సందు తిరిగేదాకా పట్టుచీర అంచు బయటికి ఎగురుతూ కనిపించింది.

తొమ్మిదీ పదికి చెంచురామయ్య గారు హాల్లోకి వచ్చి వాచీ చూసుకున్నారు. "అమ్మాయి ఏది?"

"పరీక్షకు పోయింది" అంది అమ్మ, పాతచీర ముక్కను చుట్టకుదురుగా చుడుతూ.

"మరి బిందె?"

అమ్మ చుట్టకుదురు నెత్తిన పెట్టుకుని బిందె ముందు వంగింది. ఊక కూడా కదల్లేదు.

"పిన్నిగారూ, మీరు... అంటే, మీకు తెలుసు కదా..."

"ఏంది తెలిసేది?" అమ్మ నడుం నిటారుగా చేసి ఆయన ముఖంలోకి చూసింది. "ఇంటి మనిషి ఎత్తాలన్నవ్. నేను ఈ ఇంటి మనిషినే. ఇంకేమన్న అడ్డం ఉంటే చెప్పు. నోటితోని చెప్పు, అందరు వింటరు."

ఆయన నోరు తెరిచారు. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఎన్ని నోటీసులు చదివి వినిపించారో. ఈ ఒక్క మాట మాత్రం బయటికి రాలేదు. వంటింటి గుమ్మం దగ్గర ఆయన చెల్లెలు లేచి నిలబడి ఉంది.

నీళ్ళ బిందె ఒక్కరే ఎత్తుకోవచ్చు గానీ, పది కిలోల ఇత్తడి బిందె నెత్తికి చేరాలంటే రెండో మనిషి చెయ్యి వెయ్యాలి. ఎవరూ కదల్లేదు. మంగమ్మ నడిచి వచ్చింది. గుమ్మం నుంచి హాలు మధ్యకు ఏడడుగులుంటాయి. గోరు ఊడిన వేలికి గుడ్డ చుట్టుకుని ఉంది. బిందెకు అటువైపు చెయ్యి వేసింది. ఇద్దరూ ఒక్కసారి ఊపు తీసుకుని లేపారు. అమ్మ మెడ ఒక్క క్షణం వణికి, నిలబడింది. పదకొండు చుట్లు ఎందుకో నాకప్పుడు తెలిసింది.

"జరుగు మరి చెంచురామయ్యా" అంది అమ్మ.

ఆయన జరిగారు.

అమ్మ వెనక మంగమ్మ, వాళ్ళ వెనక మిగతా ముగ్గురు, ఆ వెనక తక్కిన ఆడవాళ్ళు. హాలు ఖాళీ అయింది. మూడు నెలల తర్వాత మొదటిసారి నా ఇంట్లో నేను ఫ్యాన్ వేసుకోవచ్చు. స్విచ్ దాకా వెళ్ళాను కూడా. తర్వాత చెప్పులు వేసుకుని వాళ్ళ వెనక నడిచాను.

బస్సులో నాలుగు గంటలు. కొత్తగూడెం పోయింది, పాల్వంచ పోయింది. గోదావరి వంతెన మీద అందరూ దణ్ణం పెట్టుకున్నారు. చెంచురామయ్య గారు మాత్రం కిటికీలోంచి ఆకాశం చూస్తున్నారు. గుడి దగ్గర తలంబ్రాలు తీసుకునే చోట పెద్ద లైను. మా వంతు వచ్చింది.

"ఏ ఊరమ్మా?"

"ఖమ్మం."

"ఎన్ని కిలోలు?"

"ఏడు."

అతను తల కూడా ఎత్తలేదు. రాసుకున్నాడు. బియ్యం పెద్ద రాశిలో పోశాడు. ఖాళీ బిందె అమ్మ చేతిలో పెట్టి, "కొంచెం పక్కకు జరగండమ్మా, వెనకాల వాళ్ళున్నారు" అన్నాడు. అంతే. పిడుగేమైనా పడుతుందేమోనని నేను పైకి చూశాను. మబ్బు తునక లేదు. పక్కన చెంచురామయ్య గారు కూడా పైకే చూస్తున్నారు. ఇద్దరం ఒకరినొకరం చూసుకుని ముఖాలు తిప్పుకున్నాం.

సాయంత్రం ఫోన్ చేస్తే మా ఆవిడ ఒక్కటే అడిగింది. "అత్తమ్మ మెడ ఎట్లున్నది?"

ఫలితాలు వానాకాలంలో వచ్చాయి. మా ఆవిడ సూపర్‌వైజర్ అయింది. పోస్టింగు భద్రాచలం దాటి, చర్ల దారిలో, అడవి మధ్య. అక్కడే కిరాయికి రెండు గదులు తీసుకుంది. "కోడలు ఒక్కతే ఎట్లుంటది" అని అమ్మ కూడా సర్దుకుని వెళ్ళిపోయింది. నేను ఒక్కణ్ణి ఎట్లుంటానో ఎవరూ అడగలేదు. రోజూ ఫోన్ చేసి, ఏం చేస్తున్నవ్, ఇంగ్లీషులో చెప్పు అంటారు ఇద్దరూ. "ఐ కుక్స్" అన్నాను ఒకరోజు. ఆ వైపు నవ్వు ఆగడానికి రెండు నిమిషాలు పట్టింది. నేను చెప్పిన మాటకు నవ్వారో, నేను చేసే వంటకు నవ్వారో ఇప్పటికీ తేలలేదు.

ఇక అసలు సంగతి. ఈ ఏడు వంతు వేరే ఇంటిది. కానీ జనవరిలో కాలనీ ఆడవాళ్ళంతా వచ్చి, మీ ఇంట్లో ఎవరూ లేరు కదా, హాలు ఖాళీగా ఉంది కదా అని వడ్లు దింపేశారు. ఎవరూ లేరన్నప్పుడు నేను అక్కడే నిలబడి ఉన్నాను. లిదియా టీచర్ కుర్చీ మళ్ళీ చెప్పుల స్టాండు పక్కకు వచ్చింది. ఫ్యాన్ మళ్ళీ ఆగింది. కూర్చునే వరస మాత్రం కలిసిపోయింది, ఎవరు ఎక్కడో ఇప్పుడు నాకు తెలియదు. బిందె మా ఇంట్లోనే ఉంది కాబట్టి, ఈసారి ఎవరు ఎత్తాలో ఇంటాయన చెప్పాలట.

నిన్న సాయంత్రం చెంచురామయ్య గారు గేటు దగ్గరికి వచ్చారు. వెనకాల మంగమ్మ.

"మా చెల్లెలు... మీతో ఏదో చెబుతుందట" అన్నారు తన చెప్పుల వంక చూస్తూ.

మంగమ్మ ముందుకు వచ్చింది. తల దించుకోలేదు.

"మంగమ్మ వాంట్స్ బిందె."

ఎస్సు ఎంత స్పష్టంగా పలికిందంటే వీధిలో పోయేవాళ్ళు తిరిగి చూశారు. చెంచురామయ్య గారు ఇంకా చెప్పులే చూస్తున్నారు. కానీ గేటు పట్టుకుని మూసుకోకుండా ఆపింది ఆయన చెయ్యే.

సరేనని చెప్పేవాణ్ణే. ఈ పొద్దున గుమ్మం దగ్గరి మిగతా ముగ్గురు కూడా వచ్చారు, ఒకరి తర్వాత ఒకరు, ఒకరికి తెలియకుండా ఒకరు. ముగ్గురూ అదే మాట, ఎస్సుతో సహా. నలుగురు మనుషులు, ఒక్క బిందె, ఒక్క ఆదివారం. మా ఆవిడకు ఫోన్ చేస్తే "నాకూ చేసిండ్రు నలుగురు, మీరే చూస్కోండి" అంది. పక్కనుంచి అమ్మ "ఇంటి యజమానివి నువ్వే గదరా" అంది. యాభై మూడేళ్ళలో ఆమె నన్ను ఆ మాట అనడం ఇదే మొదలు, కాబట్టి ప్రమాదం పెద్దదే.

చీటీలు వెయ్యనా? వీధిని నాలుగు ముక్కలు చేసి ఒక్కొక్కరికి ఒక ముక్క ఇవ్వనా? లేకపోతే బిందెలే నాలుగు చెయ్యనా? చేస్తే చెంచురామయ్య గారు ఆకుపచ్చ సిరాతో సంతకం పెడతారా? నవమి దగ్గర పడింది. మీకు దణ్ణం పెడతాను, తెలిసినవాళ్ళు ఎవరైనా ఒక దారి చెప్పండి.

"నీ ఇష్టం" అని మాత్రం రాయకండి. అది నేను ఒకసారి వాడేశాను.